హిప్‌హాప్ గీతమును బాలశ్రోతయు

ఐరాల చిత్తూరు జిల్లాలో నొక మండలకేంద్రము. బాహుదానదీతీరమునఁ గల కాణిపాక వరసిద్ధి వినాయకక్షేత్రము ఈ మండలములోనిదే. ఇచటి ఉన్నతపాఠశాలలయందును, రాష్ట్రమున నితరప్రదేశములందువలెనే, తెలుఁగు పండితుఁడు బాలురకు గురులఘువులను, గణములను, యతిప్రాసలను నేర్పును. బాలుఁడు పద్యపాదమును వ్రాసి, అక్షరములపై గుర్తు లుంచి, గణముల పేళ్ళు చెప్పును. పరీక్ష ముగిసిన పిదప నా విద్య మఱపునఁ బడును. ఆ బాలుఁడే సాయంకాలము చేతిఫోనునందు హిప్‌హాప్ గీతములను విని, తల యూఁపుచు, వ్రేళ్ళతో బల్లపైఁ దాళము వేయుచు, అర్థము తెలియని చరణములనుగూడఁ దప్పులేక యొప్పగించును. పండితుఁడు దానిని గోలయని త్రోసివేయును. బాలుఁడు ఛందస్సును బడిలోనే విడిచి పోవును. ఈ రెండింటికి నడుమ సంబంధ మేమైనఁ గలదా, కలదేని యది యెట్టిది, దానివలన ఛందోబోధకుఁ గలుగు ప్రయోజన మేమి యనునవి యిచట విచారింపఁబడుచున్నవి.

నామవిచారము

హిప్‌హాప్ అనునది ఆంగ్లభాషలోని రెండు చిన్నమాటల జంట. 1970వ దశకపుఁ జివర న్యూయార్కు నగరమున 'ఫ్యూరియస్ ఫైవ్' అను గాయకబృందములోని కౌబాయ్ అనువాఁడు, సైన్యమునఁ జేరఁబోవుచున్న మిత్రుని వేళాకోళము చేయుచు, సైనికుల యడుగుల చప్పుడును 'హిప్, హాప్' అని లయబద్ధముగా ననుకరించెననియు, ఆ యనుకరణమే క్రమముగా నీ కళకుఁ బేరయ్యెననియు ఐతిహ్యము. ఈ యైతిహ్యము ననుసరించినచో నిది యనుకరణశబ్దము; తెలుఁగున గలగల, కిలకిల, ధణధణ యనునవి యెట్టివో యిదియు నట్టిదే. 'ర్యాప్' అను మాటకుఁ బ్రాచీనమైన యర్థము తట్టుట, కొట్టుట. తరువాత నది యమెరికాలోని నల్లజాతివారి వ్యవహారమునఁ జతురసంభాషణమునకుఁ బేరై, పిదపఁ దాళమునకు సరిపడఁ బలుకు గీతమునందు రూఢమైనది. మాటకును దెబ్బకును నొక్కటే పేరగుట గమనింపఁదగినది. ఏలనన, ఈ గీతమున నక్షరమే దెబ్బ.

హిప్‌హాప్ అనునది గీతమునకు మాత్రమే పేరు గాదు. రికార్డులను ద్రిప్పి వాద్యము కల్పించు డీజే, దానిపైఁ బలుకు ఎంసీ, నేలపై నాడు బ్రేకింగ్ నృత్యము, గోడలపై రంగులతో నక్షరములు చిత్రించు గ్రాఫిటీ యను నాలుగంగములు గల సంప్రదాయమున కది సమష్టినామము. ర్యాప్ అందొక యంగము. ఇచట ముఖ్యముగా నా గీతాంగమే విచార్యము.

ఉత్పత్తి

ఈ కళకు జన్మదినముగా 1973 ఆగస్టు 11వ తేదిని జెప్పుదురు. న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతమున, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అను భవనములో, సిండీ క్యాంబెల్ అను బాలిక బడులు తెఱచు సమయమునకుఁ గ్రొత్తబట్టలు కొనుటకై సొమ్ము కూర్పఁదలఁచి యొక వినోదసభ నేర్పఱచెను. ప్రవేశరుసుము బాలికలకు 25 సెంట్లు, బాలురకు 50 సెంట్లు. ఆమె సోదరుఁడు, జమైకాద్వీపమునుండి 1967లో వలసవచ్చిన క్లైవ్ క్యాంబెల్, ఆ రాత్రి రికార్డులు వాయించెను. ఇతఁడే డీజే కూల్ హెర్క్ అనఁ బ్రసిద్ధుఁడు. కూడినవారు పాట యంతటికి నొక్కతీరున నాడక, గానము నిలిచి డోళ్ళు మాత్రమే మ్రోఁగు నల్పభాగమున విజృంభించి యాడుట నతఁడు కనిపెట్టెను. ఆ భాగము కొన్ని సెకండ్లలో ముగియును. కావున నతఁ డొకే రికార్డునకుఁ బ్రతులు రెండు తెచ్చి, రెండు యంత్రములపై నుంచి, ఒకదానిపై నా భాగము ముగియునంతలో రెండవదానిపై మరల నారంభింపఁజేసి, దానిని గోరినంతసేపు సాగించు పద్ధతిని గల్పించెను. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనునతఁ డీ కూర్పునకు నిర్దుష్టత తెచ్చెను. గ్రాండ్ విజార్డ్ థియొడోర్ అను బాలుఁడు తిరుగుచున్న రికార్డును జేతితో ముందువెనుకలకుఁ గదల్చి, ఆ గీఁకుచప్పుడునే వాద్యముగా మార్చెను.

ఆ కాలమున బ్రాంక్స్ దక్షిణభాగము దారిద్ర్యమున మునిఁగి, ఇండ్లు తగులఁబడి, పాడుపడియుండెను. వాద్యములు కొన శక్తిలేని బాలురు పెద్దలు విని విడిచిన రికార్డులనే వాద్యములుగాఁ జేసికొనిరి. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వారి 'ర్యాపర్స్ డిలైట్' అను గీతముతో నీ కళ వీథినుండి విపణి కెక్కినది. 1982లో వెలువడిన 'ద మెసేజ్' అను గీతము పేదవాడల బ్రదుకును వర్ణించి, వినోదపుఁబాటకు విషయగాంభీర్యము తెచ్చినది. 2018లో కెండ్రిక్ లామార్ రచించిన 'డామ్' అను గీతసంపుటికి సంగీతశాఖయందుఁ బులిట్జర్ బహుమాన మీయఁబడెను. శాస్త్రీయసంగీతమునకును జాజ్ సంగీతమునకును వెలుపలిదాని కా శాఖలో బహుమానము వచ్చుట యదియే ప్రథమము. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో బ్రేకింగ్ నృత్యమునకుఁ బోటీ జరిగెను. బడిపిల్ల బట్టలసొమ్మునకై యేర్పడిన యొక రాత్రివినోద మేఁబదేండ్లలో నింతటిదైనది.

లక్షణము

ర్యాప్ గీతము సామాన్యముగాఁ జతురశ్రగతిలో నడచును. పాదమునకు నాలుగు దెబ్బలు. ఒక్కొక్క దెబ్బ నాలుగు సమభాగములైనఁ బాదమునకుఁ బదునాఱు మాత్రలు. నిమిషమునకుఁ దొంబది దెబ్బలు పడు నడకలో నొక్కొక్క మాత్ర సెకండులో నాఱవవంతు. పాదము మూఁడు సెకండ్లలోపల ముగియును. ఇట్టి పాదములు పదునాఱు కూడి యొక చరణమగుట రూఢి. పాదాంతమునఁ బ్రాస యుండును. రెండేసి పాదముల కొక ప్రాస నడపుట బహుళము.

ఈ లక్షణమును వినిన ఛందోవేత్తకు రగడలు స్ఫురింపక మానవు. అందును మధురగతి రగడ ముఖ్యముగా స్ఫురించును. దానికిఁ బాదమునకు నాలుగు చతుర్మాత్రాగణములు, అనఁగాఁ బదునాఱు మాత్రలు. మూఁడవగణము మొదటి యక్షరము యతిస్థానము. పాదముల రెండవ యక్షరము ప్రాస. పాదాంతమున నంత్యప్రాస. రెండేసి పాదముల జంటగా నడచును. ఉదాహరణార్థ మిచటఁ గూర్పఁబడిన జంట యిది:

పలికెనుఁ బలకలు పండుగ సొంపుగఁ
గలిసిరి బాలురు గట్టున గుంపుగ.

దీనిని బల్లపై నాలుగు దెబ్బలు వేయుచుఁ జదివినచో మొదటి పాదమున 'పలికెను, బలకలు, పండుగ, సొంపుగ' యను నాలుగు గణములును నాలుగు దెబ్బలకు సరిగా నిలుచును. మూఁడవ దెబ్బపై యతి తగులును. నాలవదానిపై నంత్యప్రాస కలియును. రెండవ పాదమును నిట్లే నడచును. న్యూయార్కు డీజే వాయించు నాలుగు దెబ్బలపైఁ బెట్టినను నీ పాదములు తొలఁగవు. ఇందువలన రగడనుండి ర్యాప్ పుట్టెనని గాని, ర్యాప్ మూలమున రగడకు గౌరవము గలుగు నని గాని చెప్పరాదు. చతురశ్రలయ మానవుల నడకయందే యున్నది. రెండు దేశములవా రా లయకుఁ దమతమ పలుకుల నొదిఁగించుకొనిరి. సామ్య మింతవఱకే.

భేదములును గలవు. తెలుఁగున నక్షరపరిమాణము ప్రధానము. గురువు రెండు మాత్రలు, లఘు వొకటి. ఆంగ్లమున నూనిక ప్రధానము. ఊనిక గల యక్షరము దెబ్బపైఁ బడును, తక్కినవి సందులలో నిముడును. తెలుఁగున ద్వితీయాక్షరప్రాసయు, నడిమి యతియుఁ జెవికిఁ బట్టుకొమ్మలు. ఆంగ్లమునఁ బాదాంతప్రాసయే మొదటినుండి పట్టుకొమ్మ. అయినను 1987లో 'పెయిడ్ ఇన్ ఫుల్' అను సంపుటిని వెలువరించిన జంటలోని రకీమ్ అను గాయకుఁడు పాదాంతముతోఁ దృప్తిపడక, పాదమధ్యమునను, ఒకపాదమునుండి మఱియొక పాదమునకు దాఁటునట్లును బ్రాసలు నిలిపి, తరువాతివారికి మార్గదర్శి యయ్యెను. తెలుఁగు పండితున కిది ప్రాసయతిని దలపునకుఁ దెచ్చును. చెవి కొక్క కలయిక చాలక రెండవదానిని గోరుట యుభయత్ర సమానము.

పలకయు, భారతమును

ఐరాలవంటి సీమలో బాలుని చెవి యీ లయకుఁ గ్రొత్తది కాదు. చిత్తూరు జిల్లాలో డప్పును పలక యందురు. జాతరలయందును, ఊరేగింపులయందును, చావునందును బలక మ్రోఁగును. గడ్డిమంటయొద్దఁ జర్మమును గాఁచి బిగువు తెచ్చి, లావుపుల్లతో నొకచేతను, సన్నపుల్లతో నొకచేతను వాయింతురు. ఒకఁడు గతి యెత్తును, తక్కినవారందుకొందురు, గతి మాఱినప్పు డాడువారి యడుగును మాఱును. దీనిని వాయించువారు తరతరములుగా నూరి వెలుపలి వాడలలోఁ గాఁపురముండినవారు. లక్షణగ్రంథములయందు వారి ప్రజ్ఞకుఁ దగిన స్థానము దొరకలేదు. బ్రాంక్స్ బాలురకును దొలుత జరిగిన దిదియే.

ఈ జిల్లాలోనే పెక్కుగ్రామములందు ధర్మరాజుల గుళ్ళయొద్దఁ బదునెనిమిది దినములు భారతోత్సవము జరుగును. పగలు హరికథకుఁడు భారతకథను వినిపించును. రాత్రి వీథినాటక మాడుదురు. అర్జునుఁడు తపసుమాను నెక్కుట, కడపటిదినమున నేలపై మట్టితో దిద్దిన మహాకాయమున దుర్యోధనవధ, తరువాత నగ్నిగుండప్రవేశము నందు ముఖ్యఘట్టములు. హరికథలో నొకే నోట పద్యము, పాట, వచనము వెంటవెంట వచ్చును. వచనము తాళముపై వడిగా నడచునపు డది మాటయో పాటయో తెలియరాదు. గుడిముంగిట నిదురకన్నులతోఁ గూర్చున్న బాలున కర్థ మంతయుఁ దెలియదు. లయ మాత్రము నిలిచిపోవును. అట్టి చెవికి ర్యాప్ గీతము దూరపుఁ జుట్టము.

చిత్తూరు సీమలో బాలుఁడు వ్రాయునదియుఁ బలకయే, వీథిలో మ్రోఁగునదియుఁ బలకయే. ఛందస్సు మ్రోఁతపలకనుండి వ్రాఁతపలకకుఁ జేరిన దినముననే బాలునకు దూరమైనది.

శ్రోతయొక్క క్రమము

తెలుఁగుదేశపు బాలురకు ర్యాప్ తొలుత సినిమాలద్వారమునఁ బరిచిత మైనది. 1994లో 'కాదలన్' అను తమిళచిత్రము 'ప్రేమికుఁడు' అను పేరఁ దెలుఁగునకు రాఁగా, ఏ.ఆర్. రహమాన్ స్వరపఱచిన 'పేట ర్యాప్' అను పాట పల్లెలవఱకుఁ బ్రాఁకినది. పిదప హైదరాబాదునఁ దెలుఁగుననే ర్యాప్ పలుకు నోయెల్, రోల్ రైడా మున్నగువారు ప్రసిద్ధులైరి. నేఁడు చేతిఫోను మూలమున బ్రాంక్స్ గీతమును ఐరాల బాలుఁడు నడుమ నెవ్వరి ప్రమేయమును లేకయే వినుచున్నాఁడు.

ఇట్టి శ్రోతకుఁ గలుగు పరిచయమున నొక క్రమము గలదు. మొదట దెబ్బ చెవిఁ బట్టును. తరువాతఁ బల్లవి నోట నిలుచును. పిమ్మటఁ బ్రాసలు తెలియవచ్చి, రాఁబోవు మాట నూహించుటయం దానందము పుట్టును. అటుపై మాటల యర్థము వెదకును. కడపట నా పాట యే వాడనుండి వచ్చినదో, ఎవ్వరి కష్టమును జెప్పుచున్నదో విచారించును. గాయకుఁడు పాటలోఁ దన పేరును, ఊరును జెప్పికొనుట యీ సంప్రదాయమున నాచారము. త్యాగరాజస్వామి కీర్తనాంతమునఁ దన నామముద్ర నుంచుటయు, వేమన మకుటమునఁ దన పేరు నిలుపుటయు నెఱిఁగిన తెలుఁగువారి కిది వింత గాదు.

ఈ క్రమమునకుఁ దెలుఁగుబిడ్డయే యొక నిదర్శనము. శ్వేత యల్లాప్రగడ రావు అమెరికాలోని కాలిఫోర్నియారాష్ట్రమున, క్లేర్‌మాంట్ నగరమున, ఆంధ్రదేశమునుండి వెడలిన తెలుఁగుదంపతులకు 1986లో జన్మించినది. బాల్యమునఁ గూచిపూడి, భరతనాట్యములను నభ్యసించినది. అయిదవతరగతి చదువునాళ్ళలో ఫ్యూజీస్ బృందమువారి 'ద స్కోర్' అను 1996వ సంవత్సరపు సంపుటి యామెకు హిప్‌హాప్‌తోఁ దొలిపరిచయము గలిగించినది. కాలిగజ్జెలతోఁ జొల్లుకట్టులు నేర్చిన బాలికకు నా పాటలలోని పలుకులు జతులవలె వినఁబడుటలో నాశ్చర్యము లేదు. తరువాత నామె 'రాజకుమారి' యను పేర ర్యాప్ గాయకురాలై, 2017లో ముంబయి గాయకుఁడు డివైన్‌తోఁ గలిసి 'సిటీ స్లమ్స్' అను గీతమును వెలువరించినది. 2019లో భారతదేశపు టెలివిజనులో ర్యాప్ పోటీకి న్యాయనిర్ణేతలలో నొకతె యైనది. జతులు పలుకుట యామె గానమున విశేషము. నాట్యాచార్యుఁడు నేర్పిన తకధిమి యామెకుఁ బరదేశపు గీతమునఁ బ్రవేశము గల్పించినది. ఆ గీతము తకధిమిని మఱపింపలేదు.

పూర్వపక్షములు

ఇందుకుఁ బండితులు చేయు నాక్షేపణలు ముఖ్యముగా మూఁడు.

మొదటిది: ఇది గానము గాదు, వడిగా మాటలాడుట మాత్రమే యని. సమాధానము: గద్యమునకును గేయమునకును నడుమ మఱియొక జాతి తెలుఁగువారి కెన్నఁడును లేకుండలేదు. దండకము రాగములేకయుఁ జదువఁబడును. గణములవరుస దానిని నడిపించును. హరికథలోని తాళబద్ధవచనమును నట్టిదే. ర్యాప్ ఈ నడిమి జాతిలోనిది.

రెండవది: ఇందు గ్రామ్యమును, దూషణమును బహుళమని. ఇది కొంతవఱకు సత్యము. స్త్రీలను గించపఱచు మాటలును, ఆయుధములను, మత్తుపదార్థములను బొగడు మాటలును గల గీతము లెన్నియో కలవు. వానిని సమర్థింప నక్కఱలేదు. పండితుఁడు వానిని బేరుపెట్టి దోషములని చెప్పవలెను. కాని గ్రామ్యము వేఱు, దూషణము వేఱు. తన వాడ మాటను దాఁచక పలుకుట యీ గీతమునకుఁ బ్రాణము. దానిని దీసివేసినచో గీతమే యుండదు. ఇంక నెత్తిపొడుపు మాట. 1981లో న్యూయార్కులోని హార్లెమ్ వరల్డ్ అను శాలయందుఁ గూల్ మో డీ, బిజీ బీ యను నిరువురు ఎంసీల నడుమ జరిగిన వాగ్యుద్ధము ఈ కళలోఁ బ్రసిద్ధము. తిరుపతివేంకటకవులకును గొప్పరపు కవులకును నడుమ జరిగిన స్పర్ధ నెఱిఁగిన పండితుఁడు దీనికి వెఱఁగుపడఁడు. ఆశువు, ప్రతిపక్షాధిక్షేపము, సభాసదుల తీర్పు, ఈ మూఁడును నుభయత్ర కలవు.

మూఁడవది: ఇది విదేశీయమని. వయొలిన్ కర్ణాటకసంగీతమునఁ బ్రవేశించుట బాలుస్వామిదీక్షితుల (1786–1859) కాలమున. నేఁ డది లేని కచ్చేరి యరుదు. విదేశీయత దోషము గాదు. అనుకరణమునందలి యజాగ్రత్తయే దోషము. ఆ దోషము తెలుఁగు ర్యాప్‌లోఁ గాననగుచున్నది. ఆంగ్లపు టూనికను దెలుఁగుమాటపైఁ బెట్టి, దీర్ఘమును హ్రస్వముగాను, హ్రస్వమును దీర్ఘముగాను బలుకువారు గలరు. తెలుఁగున మాత్ర మాఱిన నర్థమే మాఱును. పాడెను అనుదానిని గుదించినఁ బడెను అగును. పలు అనుదానిని సాగఁదీసినఁ బాలు అగును. ఈ తప్పును సవరింపఁగలవాఁడు ఛంద మెఱిఁగిన పండితుఁడే. బాలుఁ డాతని యొద్దకుఁ బోవుటలేదు. ఆతఁడును బాలుని పాటను వినుటలేదు. నష్ట మిరువురిదియు.

సిద్ధాంతము

లక్ష్యము ముందు, లక్షణము తరువాత. మాటలు కావలసినవాఁడు కుండకై కుమ్మరియింటికిఁ బోవునట్లు వైయాకరణునింటికిఁ బోఁడని భాష్యకారుఁడే యంగీకరించెను. అనఁగా శబ్దము లోకమున నుండును. శాస్త్రము దానిని వెనువెంటఁ బరిశీలించును. తిరుమలలోఁ దాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) పదములు రచించిరి. పదములకు లక్షణమును సంస్కృతమునఁ జెప్పిరి. దానిని మనుమఁడు చినతిరుమలాచార్యుఁడు తెలుఁగున సంకీర్తనలక్షణముగా రచించెను. పదమును శాస్త్రవిషయముగా నెంచిన లాక్షణికుఁడుండుటచేతనే యా గ్రంథము గలిగినది. చిత్తూరు, తిరుపతి సీమల పండితునకు మార్గము చూప నీ యుదాహరణ మొకటి చాలును.

కావునఁ బాఠశాలలోఁ జేయఁదగిన కార్యము సులభమైనది. ఛందస్సును గుర్తులతోఁ గాక దెబ్బలతో నారంభింపవలెను. బాలుని తనకు వచ్చిన ర్యాప్ చరణమునకుఁ దాళము వేయుమని, ఆ తాళముననే మధురగతి పాదమును బలుకుమనవలెను. యతి యెచటఁ దగులునో, ప్రాస యెచటఁ గలియునో చెవితోఁ జెప్పింపవలెను. పిదపనే గురులఘువుల గుర్తులు. చతురశ్రము తెలిసిన బాలునకుఁ ద్రిమాత్రాగణముల తురగవల్గనమును, పంచమాత్రాగణముల ద్విరదగతిని, మూఁడును నాలుగును గూడిన వృషభగతిని జూపినచో, తాను వినిన పాటలలో లేని నడకలు తన భాషలోఁ గలవని వాఁడే కనుఁగొనును. ఆ కనుఁగొనుట వానిదగును, పరీక్షతోఁ బోదు.

హిప్‌హాప్ గీత మంతయు నుత్తమకావ్యమని యీ విచారమునకుఁ దాత్పర్యము గాదు. బాలుఁడు దానిని విని తల యూఁపునపు డాతనిలో మేలుకొనుచున్నది ఛందస్సే యని తాత్పర్యము. మేలుకొన్న చెవిని గోలయని కసరి మరల నిదురపుచ్చుటయో, పేరు చెప్పి పిలుచుటయో పండితుని చేతిలో నున్నది.